చూడుడు: బావమరిది

రికార్డు ఆఫీసు సూపరింటెండెంటు గారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఆఫీసుకు వెళ్లాలి. నాలుగేళ్ల తర్వాత ఖాళీ అయిన ఒకే ఒక్క అసిస్టెంటు ఉద్యోగానికి ఎనిమిది మందిని ఇంటర్వ్యూ చెయ్యాలి. వాళ్లలో చేతులు పొడుగ్గా ఉన్నవాణ్ణి ఎంపిక చెయ్యాలి. అయిదింటికల్లా ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చోవాలి.

పాత కాగితాలు భద్రపరిచే ఆఫీసుకు పొడుగు చేతులతో ఏం పని అని ఎవరైనా అడిగితే, పై అరలు అందాలి కదా అని చెప్పడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. అసలు కారణం వేరు. అది పన్నెండు రోజులుగా ఆయన గొంతులో ముల్లులా గుచ్చుకుని ఉంది.

ప్రభుత్వ శాఖల మధ్య ఏటా ఫుట్‌బాల్ లీగు జరుగుతుంది. పన్నెండు జట్లు ఆడతాయి, మొదటి నాలుగూ ప్లేఆఫ్‌కు వెళ్తాయి. రికార్డు ఆఫీసు జట్టు పంతొమ్మిదేళ్లుగా పదకొండో స్థానానికీ పన్నెండో స్థానానికీ మధ్య తిరుగుతూ, పదకొండు వచ్చిన ఏడాది మిఠాయిలు పంచుకుంటూ వచ్చింది. అలాంటిది ఈ ఏడు ఎలా కలిసొచ్చిందో గానీ నాలుగో స్థానంలో నిలిచింది. సెమీఫైనల్లో తూనికలు కొలతల శాఖతో ఎనభై తొమ్మిది నిమిషాలు సున్నా సున్నాగా పోరాడింది. తొంభయ్యో నిమిషంలో ఒక బంతి, భోజనం చేసి షికారుకు బయల్దేరిన పెద్దమనిషిలా నింపాదిగా దొర్లుకుంటూ వచ్చి, గోల్‌కీపరు రెండు కాళ్ల మధ్యనుంచి లోపలికి వెళ్లిపోయింది. గోల్‌కీపరు ఆ సమయంలో బంతివైపు చూడనైనా చూడటం లేదు. తల పక్కకు తిప్పి ఎటో చూస్తున్నాడు.

ఆ గోల్‌కీపరు సూపరింటెండెంటు గారి సొంత బావమరిది.

సూపరింటెండెంటు గారు జన్మలో బంతిని తన్నిన మనిషి కాదు. ఆయన జట్టు మేనేజరు. పంతొమ్మిదేళ్ల కింద ఎవరూ అడగకుండానే ఆ బాధ్యత నెత్తిన వేసుకుని, గీత పక్కన నిలబడి, ఎలా దూకాలో, ఎలా పరిగెత్తాలో పదకొండు మందికీ గొంతు చించుకుని చెబుతూ వస్తున్నాడు. ఆ తొంభయ్యో నిమిషంలో ఆయన మైదానానికి అవతలి చివర ఎడమవైపు ఆటగాడికి బుద్ధులు చెబుతున్నాడు. వెనక్కి తిరిగేసరికి కనబడినవి రెండు: వలలో బంతి, పక్కకు తిరిగి ఉన్న బావమరిది తల. ఏమైందిరా అని అడిగితే ఆ మహానుభావుడు, “ఏదో, బావా. పోయింది” అన్నాడు. ఇప్పటికీ అదే మాట. ఆఫీసులో అతనికి ‘గేటు’ అని పేరు పెట్టారు, ఎప్పుడూ తెరిచే ఉంటుందని. దానికీ అతను నవ్వి ఊరుకున్నాడు.

ప్రతి విషయాన్నీ కార్డు మీద రాసి డ్రాయరులో వెయ్యడం సూపరింటెండెంటు గారికి ఉద్యోగం ఇచ్చిన జబ్బు. ఆఫీసు పారేసిన చెక్క డ్రాయరు ఒకటి పడకగదిలో పెట్టుకుని ఇంటి సంగతులన్నీ అందులోకి ఎక్కించాడు. ‘స్క్రూడ్రైవరు: చూడుడు, కుట్టుమిషను.’ ‘మామగారి కోపం: చూడుడు, గోడ గడియారం.’ సెమీఫైనల్ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం బూట్లయినా విప్పకుండా ఇంకొక కార్డు రాశాడు. ‘ఓటమి, సెమీఫైనల్: చూడుడు, బావమరిది.’ దాని వెనకే మరొకటి. ‘వచ్చే సీజనుకు అవసరాలు. ఒకటి, గోల్‌కీపరు. రెండు, ఎడమవైపు పరిగెత్తే మనిషి (ఇప్పుడున్నాయన నడుస్తాడు). మూడు, గోల్‌కీపరు.’

ఆడేవాళ్లందరూ పర్మినెంటు ఉద్యోగులై ఉండాలని లీగు నిబంధన. కాబట్టి కొత్త గోల్‌కీపరు రావాలంటే కొత్త ఉద్యోగి రావాలి. ఆ రోజు ఇంటర్వ్యూల వెనక ఉన్న రహస్యం అంతే.

“వచ్చినవాళ్లని బెదరగొట్టకండి,” అంది భార్య, ఉడికించిన గుడ్ల పళ్లెం బల్ల మీద పెడుతూ. “మా చిన్నోణ్ణి అప్పట్లో ఏం అడిగారో గానీ వాడు వారం రోజులు నిద్రపోలేదు.”

“పేరేంటని అడిగాను.”

“ఎలా అడిగారో మరి.”

ఆ చిన్నోడికి ముప్పై రెండేళ్లు. మూడేళ్లుగా వెనక గదిలో ఉంటున్నాడు. ఆఫీసులో జెరాక్సు మిషను చూస్తాడు. ఇప్పుడు బల్లకు అవతల కూర్చుని గుడ్డు పెంకు తీస్తున్నాడు.

“చిన్నోడా, బయట చలిగా ఉందిరా. స్వెట్టరు వేసుకెళ్లు,” అంది అక్క.

అతను అక్కవైపు తల తిప్పాడు. గుడ్డు చేతిలోంచి జారి, బల్ల మీద దొర్లి, కిందపడి, రెండు పాదాల మధ్యనుంచి గోడదాకా వెళ్లింది. సూపరింటెండెంటు గారు దాని దారిని చివరిదాకా చూశాడు. అచ్చంగా అదే దారి.

“అలాగే, అక్కా,” అన్నాడు బావమరిది. తర్వాత స్వెట్టరు కుర్చీ వీపు మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

ఇంటర్వ్యూ బోర్డులో సూపరింటెండెంటు గారితో పాటు మరమ్మతుల మేడం ఉంది. చిరిగిన పాత కాగితాలను పల్చటి పొరలతో అతికించి బతికించడం ఆవిడ పని. ముప్పై ఏళ్లుగా మెడలో భూతద్దం వేలాడేసుకుని అదే చేస్తోంది. ఫుట్‌బాల్‌కు ఎంతమంది కావాలో ఆవిడకు తెలియదు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఆఫీసులో లేరు.

మొదటి అభ్యర్థి అడిగినదానికల్లా చక్కగా జవాబు చెప్పాడు. సూపరింటెండెంటు గారు ఏదో రాస్తున్నట్టు నటిస్తూ మోచేత్తో ఇత్తడి పేపరువెయిటును బల్ల అంచునుంచి తోసేశాడు. అది ఠంగున పడింది.

“సార్, ఏదో పడింది,” అన్నాడు అభ్యర్థి.

రెండో అభ్యర్థి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. మూడో అతను లేచి నిలబడి, తన తప్పేమైనా ఉంటే క్షమించమన్నాడు. నాలుగో అతను తలుపు దగ్గర తల వంచి లోపలికొచ్చాడు. కూర్చుంటే చేతులు నేలకు తగిలేటట్టున్నాయి. సూపరింటెండెంటు గారికి ప్రాణం లేచొచ్చింది. చదువూ అనుభవమూ ఏమీ అడక్కుండా పేపరువెయిటు తోశాడు. పొడుగాయన దాన్ని ఆసక్తిగానే చూశాడు, కానీ అంత ఎత్తునుంచి కబురు చేతులకు చేరేసరికి అది నేల మీద స్థిరపడిపోయింది. ఇంకోసారి తోశాడు. మళ్లీ అంతే. మూడోసారి మోచెయ్యి కదలబోతుంటే మేడం పెన్ను కింద పెట్టింది.

“మీ మోచేతికి ఏమైనా జబ్బా?”

సూపరింటెండెంటు గారు పొడుగాయన్ను బయటికి పంపించేదాకా ఆగి, ఆ కాస్త వ్యవధిలో నోటికొచ్చింది అల్లేశాడు. “పరీక్షండి. మనది పాత కాగితాల ఆఫీసు. పడబోయేది ఠక్కున పట్టుకునే చెయ్యి కావాలి గానీ, పడ్డాక సారీ చెప్పే నోరెందుకు? ఒక్కసారి జారితే మూడొందల ఏళ్ల చరిత్ర ముక్కలవుతుంది.”

ఇది నమ్ముతుందని ఆయన అనుకోలేదు. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“ఈ మాట ఎవరైనా అంటారేమోనని ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను,” అంది. “మీరందరూ పడేసింది అతికించి అతికించి నా కళ్లు పోయాయి. ఇన్నాళ్లూ మీరు ఆ ఆటల పిచ్చి తప్ప ఇంకేమీ లేని మనిషనుకున్నాను.”

“అబ్బే,” అన్నాడు సూపరింటెండెంటు గారు.

ఆ తర్వాత పగ్గాలు ఆయన చేతిలో లేవు. మేడం ఒక కాగితం తీసి గళ్లు గీసింది. ఏ వస్తువు, ఎంత ఎత్తు, ఏ చెయ్యి, ఎన్ని క్షణాలు. పేపరువెయిటు ఒక్కటే చాలదని స్కేలు, ఇంకు ప్యాడు, రెండు కిలోల రిజిస్టరు చేర్చింది. అభ్యర్థిని తల్లిదండ్రుల క్షేమసమాచారాలు అడుగుతూ అడుగుతూ హఠాత్తుగా రిజిస్టరు తోసేది. అప్పుడు మాత్రం ఆవిడ మొహంలో నవ్వులాంటిదేదో కనబడేది.

బయటికెళ్లినవాళ్లు ఉప్పూ కారం అద్ది చెప్పారు. పది నిమిషాల్లో వరండా అంతా మిగిలిన అభ్యర్థులు బూట్లు, గొడుగులు, భోజనం డబ్బాలు ఒకరిమీదికొకరు విసురుకుంటూ సాధన మొదలుపెట్టారు. వాళ్లలో ఒకావిడ మాత్రం గోడకానుకుని ఏదో చదువుకుంటూ, తన వైపు వచ్చిన బూటునల్లా తలెత్తకుండా పట్టుకుని పక్కన వరసగా పెడుతోంది. చివరి పేరు ఆవిడదే. లోపలికొచ్చింది. మేడం రిజిస్టరు తోసింది, సూపరింటెండెంటు గారు అదే సమయానికి పేపరువెయిటు తోశాడు. ఆవిడ రెండిటినీ రెండు చేతుల్తో అందుకుని, బల్ల మీద పెట్టి, “ఇంకేమైనా అడుగుతారా సార్?” అంది.

“ఇదెక్కడ నేర్చుకున్నారమ్మా?” అని అడిగాడు సూపరింటెండెంటు గారు.

“కవలలండి. నాలుగేళ్లు.”

ఆయన ముందుకు వంగాడు. లీగు నిబంధనల్లో ఉద్యోగి అని ఉంది తప్ప మగ, ఆడ అని ఎక్కడా లేదు. “ఫుట్‌బాల్ మీద మీ అభిప్రాయం?”

“అసహ్యం సార్. ఇంట్లో ఆ బంతి కనబడితే కోసి పారేస్తాను.”

ఆయన మళ్లీ కుర్చీలో వెనక్కి వాలాడు. మేడం అప్పటికే ఆవిడ పేరు కింద రెండు గీతలు గీసేసింది.

సరిగ్గా అప్పుడే వరండాలో లిఫ్టు తలుపు తెరుచుకోవడం, ఒక భోజనం డబ్బా గాల్లో ఎగిరి డైరెక్టరు గారి పాదాల ముందు మూత ఊడి పడటం జరిగాయి. డైరెక్టరు గారు మంచావిడే గానీ ఆ రోజు మంచి రోజు కాదు. ఆఫీసులో ప్రవేశపెట్టిన కొత్త విధానం ఏదైనా ఉంటే సాయంత్రంలోగా రాసి పంపమని పైనుంచి తాఖీదు వచ్చింది. పొద్దుటినుంచీ తెల్లకాగితం వంక చూస్తూ కూర్చుంది. ఇంటర్వ్యూ గదిలోకి విసురుగా వచ్చి, “ఇక్కడేం జరుగుతోంది?” అంది.

మేడం నిలబడి వివరించింది. డైరెక్టరు గారు వింటూ వింటూ కూర్చుంది. తర్వాత గళ్ల కాగితం చేతిలోకి తీసుకుంది. ఆవిడ మొహం వికసించింది.

“ఇది కొత్తవాళ్లకేనా?”

“ఇన్నాళ్లూ పడేస్తున్నది పాతవాళ్లేనండి,” అంది మేడం, సూపరింటెండెంటు గారి కాలు తన కాలు తొక్కుతున్నా లెక్కచెయ్యకుండా.

ఆర్డరు అరగంటలో టైపయి వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలకు, పాత కాగితాలు చూడ్డానికి వచ్చేవాళ్లు కూర్చునే చదువుల హాల్లో సిబ్బంది నలభై మందికీ పట్టు పరీక్ష. పడేసినవారికి ఒకటో తేదీనుంచి గోడౌనుకు బదిలీ. రూపకల్పన: సూపరింటెండెంటు. గోడౌనంటే అక్కడికి డెబ్భై కిలోమీటర్లు. అందులో ఉన్నవి ఎవరికీ అక్కర్లేని ఫారాలు, వాటిని తినే చెదలు, ఆ రెండిటికీ కాపలాగా ఒక ఉద్యోగి. పగలడానికి అక్కడేమీ లేదు.

నిజం చెప్పాలంటే, ఆర్డరు చదవగానే సూపరింటెండెంటు గారికి కలిగింది సంతోషమే. బావమరిది పడేస్తాడు, గోడౌనుకు పోతాడు, గోల్ ఖాళీ అవుతుంది. కార్డులో మొదటి అవసరానికి వద్దన్నా దారి తెరుచుకుంటుంది. ఆ సంతోషం మెట్లు దిగేంతసేపు ఉంది. కింద ఆయన బల్ల మీద ఫోను మోగుతోంది.

“చిన్నోణ్ణి గోడౌనుకు పంపుతున్నారటగా,” అంది భార్య. “మీరే కనిపెట్టారట. మంచిది. వాడితో నేనూ వెళ్తాను.”

“నువ్వెందుకు?”

“వాడికి వండిపెట్టేదెవరు? వాడికి చలి కూడా తెలీదు.”

“ఎన్నాళ్లకి?”

“వాడి ఉద్యోగం ఎన్నాళ్లో అన్నాళ్లు.”

సూపరింటెండెంటు గారు ఫోను పెట్టేసి లెక్కేసుకున్నాడు. బావమరిది రిటైరవడానికి ఇరవయ్యారేళ్లు. ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. కారు కొంటే పుట్టింటికి పోతానని ఒకసారి అంది, వాళ్లు ఇప్పటికీ బస్సులోనే తిరుగుతున్నారు. తన చొక్కాలెక్కడుంటాయో ఆయనకు తెలియదు. దానికి డ్రాయరులో కార్డు ఉంది, ఆ కార్డు మీద ‘చూడుడు: భార్య’ అని ఉంది. మందుబిళ్లల కార్డు మీదా అదే, కరెంటు ఫ్యూజు కార్డు మీదా అదే. అదంతా ఒకెత్తు. ఇరవై నాలుగేళ్లుగా ఆవిడ వంటగదిలోంచి ఏదో ఒకటి అంటుంటే ఆయన హాల్లోంచి ఊఁ కొడుతూ బతికాడు. ఆ మాట వినబడని ఇంటిని తలుచుకుంటే భయం వేసింది, మామూలు భయం కాదు.

ఒంటిగంటకు ఆయన బావమరిదిని చెయ్యిపట్టుకుని సెల్లారుకు లాక్కెళ్లి తలుపు గడియ పెట్టాడు. పన్నెండు రోజులుగా ఆ మనిషిని జట్టులోంచి ఎలా తీసెయ్యాలా అని ఆలోచించిన బుర్ర ఇప్పుడు ఎలా నిలబెట్టాలా అని ఆలోచిస్తోంది.

“పట్టుకో,” అని పేపరువెయిటు విసిరాడు.

పట్టుకున్నాడు.

కుడికి విసిరాడు, ఎడమకు విసిరాడు, అల్మారా వెనకనుంచి చెప్పకుండా విసిరాడు. ఇరవై విసిరితే పంతొమ్మిది పట్టాడు. ఆ ఒక్కటి కూడా బావగారు స్తంభానికి కొట్టింది. సూపరింటెండెంటు గారు నోరు వెళ్లబెట్టాడు.

“ఇలా పట్టేవాడివి, ఆ రోజు నీకేమైందిరా?”

“ఏదో, బావా. పోయింది.”

“పొద్దున గుడ్డు?”

బావమరిది నేలచూపులు చూశాడు. ఇంక అడిగి లాభం లేదని బావగారు ఊరుకున్నాడు. కారణమేదైనా, చేతులైతే బాగున్నాయి. గండం గట్టెక్కినట్టే అనుకుంటూ మూడింటికి గుండె నిబ్బరంతో మెట్లెక్కాడు.

చదువుల హాల్లో బల్లలన్నీ గోడకు జరిపి, నడుమ ఎత్తయిన బల్ల ఒకటి వేశారు. దాని వెనక మేడం. పక్కన కుర్చీలో డైరెక్టరు గారు. పరీక్ష మొదలైంది. మొదటి పదిహేను మందిలో పదకొండు మంది పడేశారు. పడేసినవాళ్లలో జట్టు కెప్టెను అయిన బైండరు కూడా ఉన్నాడు, ముప్పై ఏళ్లుగా పుస్తకాలు కుట్టిన చేతుల్లోంచే జారిపోయింది పాపం. డైరెక్టరు గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలింది.

“ఇలా అయితే గోడౌనే హెడ్డాఫీసు అవుతుంది,” అంది మెల్లగా.

“ఇత్తడంటే భయం లేదండి,” అంది మేడం. “పగిలేదైతే పట్టుకుంటారు.”

అలా డైరెక్టరు గారి గదిలోంచి గాజు గోళం వచ్చింది. ఆవిడకు పాతికేళ్ల సర్వీసుకు ఇచ్చిన జ్ఞాపిక. ఆవిడకు ఇద్దరు కొడుకులున్నారు గానీ వాళ్లను ఆవిడ అంత జాగ్రత్తగా ఎత్తుకోవడం ఎవరూ చూడలేదు. గోళాన్ని బల్ల మీద పెట్టి, చెయ్యి తియ్యడానికి కాస్త సమయం తీసుకుంది. పదహారో పేరు పిలిచారు. జెరాక్సు ఆపరేటరు.

“గేటొచ్చాడు,” అన్నారెవరో వెనకనుంచి. నలుగురు కిసుక్కుమన్నారు.

బావమరిది వచ్చి నిలబడ్డాడు. మోకాళ్లు కొంచెం వంచాడు, చేతులు తెరిచాడు, చూపు గోళం మీద నిలిపాడు. ఎంత బాగా నిలబడ్డాడంటే సూపరింటెండెంటు గారికి పంతొమ్మిదేళ్లలో మొదటిసారి చెప్పడానికి ఏమీ తోచలేదు. మేడం ఒక్క వేలితో గోళాన్ని తోసింది. అది బల్ల అంచువైపు నింపాదిగా దొర్లింది.

హాలు తలుపు తెరుచుకుంది.

“చిన్నోడా, స్వెట్టరు,” అంది అక్క.

బావమరిది తల పక్కకు తిప్పాడు.

సూపరింటెండెంటు గారికి ఆ తల తెలుసు. అదే కోణం, అదే మెత్తని చూపు. మైదానం చివరనుంచి తాను చూసింది ఇదే. సెమీఫైనల్లో ఆ చివర ఏం జరిగిందో, పొద్దున గుడ్డు ఎందుకు జారిందో, ఈ పన్నెండు రోజులూ ఈ వెధవ నోరెందుకు మెదపలేదో ఒక్కసారిగా అర్థమైంది. ఇంకా అర్థమవుతుండగానే ఆయన శరీరం కదిలింది. ఎలా దూకాలో పంతొమ్మిదేళ్లు పదకొండు మందికి చెప్పిన శరీరం, తానే దూకింది. యాభై నాలుగేళ్ల మనిషి, బొజ్జతో సహా, గాల్లో అడ్డంగా సాగి, చొక్కా గుండీలు రెండు ఎగిరిపోగా, నేలకు బెత్తెడెత్తులో గోళాన్ని ఒంటిచేత్తో అందుకుని, నున్నటి నేల మీద జారుకుంటూ వెళ్లి బల్లకాలికి తల కొట్టుకుని ఆగాడు.

డైరెక్టరు గారు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని నిలబడిపోయింది.

“ఏమండీ, ఈ వయసులో ఆ దొర్లడమేంటి?” అంది భార్య, బల్ల కిందికి వంగి. “చొక్కా చూడండి.”

ఆయన గోళాన్ని గుండెకు హత్తుకునే పడుకుని, గొంతు తగ్గించి అడిగాడు. “ఆ రోజు మ్యాచ్‌లో కూడా పిలిచావా?”

“పిలవనా మరి? చలికి వణికిపోతున్నాడు. పిలవగానే చూశాడు, పాపం. ఈ ప్రపంచంలో నేను పిలిస్తే తల తిప్పేది వాడొక్కడే.”

ఆవిడ భుజం మీదుగా బావమరిది మొహం కనబడుతోంది. వద్దు బావా, చెప్పకండి అని కళ్లతోనే బతిమాలుతున్నాడు. పన్నెండు రోజులు గేటనిపించుకుని, బావ కార్డుకెక్కి, అక్క మీద మాట పడనివ్వకుండా మోశాడు. సూపరింటెండెంటు గారికి సిగ్గేసింది. ఆయనకు అది అలవాటు లేని వ్యవహారం, అందుకే మొహం కాస్త వంకరగా పెట్టాడు.

“మంచి పని చేశావు,” అన్నాడు భార్యతో.

మేడం గళ్ల కాగితం పరిశీలించింది. వస్తువు నేలకు తగలకూడదని ఉంది గానీ పట్టేది ఎవరై ఉండాలో రాయలేదు, కాబట్టి జెరాక్సు ఆపరేటరు పాసయ్యాడని తేల్చింది. గోళం చేతికి దక్కిన డైరెక్టరు గారికి ఇంకొకసారి దాన్ని బల్ల ఎక్కించే ధైర్యం లేదు. పరీక్ష ఆపించింది, బదిలీలన్నీ రద్దు చేసింది. ‘ఒకరు వదిలితే మరొకరు పట్టే విధానం’ అని పైకి రాసి పంపింది. కవలల తల్లికి ఉద్యోగం వచ్చింది. మొదటి రోజే ఆవిడ జట్టు బంతులున్న అల్మారాకు కొత్త తాళం వేయించింది.

అందరూ వెళ్తుండగా బైండరు ఆగి, బల్ల కాలి దగ్గర కూర్చుని తల రుద్దుకుంటున్న సూపరింటెండెంటు గారి వైపు చాలాసేపు చూశాడు.

“సార్, మనకు గోల్‌కీపరు దొరికాడు.”

“ఎవరు?”

బైండరు ఆయన్నే వేలెత్తి చూపించాడు. మిగిలిన జట్టంతా కూడా ఆయనవైపే చూస్తోంది. సూపరింటెండెంటు గారు మోకాళ్ల నొప్పులన్నాడు, బీపీ అన్నాడు, మేనేజరు పదవికి గౌరవముంటుందన్నాడు. ఎవరూ వినలేదు. డైరెక్టరు గారైతే అది తన ఆర్డరనుకోమంది.

“నేను ఎడమవైపు పరిగెత్తుతాను బావా,” అన్నాడు బావమరిది, స్వెట్టరు తొడుక్కుంటూ. అలా కార్డులో రెండో అవసరం కూడా తీరింది.

తర్వాతి సీజనులో రికార్డు ఆఫీసు గోల్‌కీపరును చూసి మొదట అందరూ నవ్వారు. ఆయన లావు వల్ల గోల్ సగం దానంతటదే మూసుకుపోయేది, మిగతా సగానికి ఆయన దూకేవాడు. గీత పక్కన నిలబడి చెప్పినప్పుడు ఎవరూ వినని సంగతులన్నీ ఇప్పుడు తనకు తానే చెప్పుకుని పాటించాడు. జట్టు మళ్లీ నాలుగో స్థానంలో నిలిచింది. మళ్లీ సెమీఫైనల్, మళ్లీ తూనికలు కొలతల శాఖ. ఎనభై తొమ్మిది నిమిషాలు సున్నా సున్నా.

మామూలు మ్యాచ్‌లకు ఆయన భార్య రాదు. ఇది పెద్ద మ్యాచ్ కదా అని వచ్చింది.

తొంభయ్యో నిమిషంలో కుడివైపునుంచి ఒక బంతి నింపాదిగా దొర్లుకుంటూ వస్తోంది. ఆయన మోకాళ్లు వంచాడు, చేతులు తెరిచాడు.

“ఏమండీ,” అని వినబడింది ప్రేక్షకులు కూర్చునే మెట్ల మీదినుంచి. “చలిగా ఉంది. స్వెట్టరు.”

ఆ మైదానంలో తల తిప్పకూడదని స్పష్టంగా తెలిసినవాడు ఆయనొక్కడే. బంతి ఎక్కడుందో, ఎంత వేగంతో వస్తోందో, ఎక్కడ పట్టాలో కూడా తెలుసు. తల తిప్పేది వాడొక్కడే అని ఆవిడ బల్ల కింద అన్న మాట కూడా ఆయనకు గుర్తుంది. ఏడాదిగా అది ఆయన చెవిలోనే ఉంది.

ఆయన తల తిప్పాడు. ఆవిడ స్వెట్టరు ఎత్తి చూపిస్తోంది. అంత సంతోషంగా ఆవిడ మొహం చూసి చాలా ఏళ్లయింది.

మ్యాచ్ అయ్యాక బావమరిది వచ్చి పక్కన కూర్చున్నాడు. “ఏమైంది బావా?”

“ఏదోరా. పోయింది.”

ఇంటికెళ్లి బూట్లు విప్పకుండానే డ్రాయరు తెరిచాడు. పాత కార్డు తీసి చింపేసి, కొత్తది రాయడానికి కూర్చున్నాడు. ‘ఓటమి, సెమీఫైనల్: చూడుడు’ దాకా రాసి ఆగాడు. ప్రతి ఆదివారం ఆ డ్రాయరు దుమ్ము దులిపేది ఎవరో గుర్తొచ్చింది. కాసేపు ఆలోచించి, ‘స్వెట్టరు’ అని రాశాడు.